ఒంటి నొప్పులతో హాంటెడ్ హౌస్‌లో పని: సీజన్ చివరిదాకా నిలబడాలంటే

జనం గుంపులుగా చీకటి గదుల్లో నడుస్తూ సరదాకు భయపడే చోటే హాంటెడ్ హౌస్. అక్కడ దెయ్యం వేషం కట్టేవాళ్ల పని బయటినుంచి చూస్తే నాలుగు కేకలు, రెండు దూకుళ్లు. లోపల లెక్క వేరు. నిమిషానికో గుంపును వదిలే చోట నాలుగు గంటల షిఫ్టులో మీ మూల ముందునుంచి 240 గుంపులు వెళ్తాయి. ప్రతిసారీ అదే కాలు ముందుకేసి, అదే భుజం విసిరి, అదే గొంతు చించుకుంటే ఆ ఒక్క కదలికే 240 సార్లవుతుంది. కింద కాంక్రీటు, చుట్టూ చీకటి, అక్టోబరు చివర్లో వచ్చే దెయ్యాల పండుగ హాలోవీన్ రోజులు కాబట్టి చాలా చోట్ల చలి. నడుము, మోకాళ్లు, మెడ, మడమలు ముందే నొప్పి పెడుతున్నవాళ్లను పడగొట్టేది ఇలా మళ్లీ మళ్లీ చేయడమే.

పళ్లబిగువున ఓర్చుకుంటే మొదటి వారం గడుస్తుంది, మూడో వారానికి మంచాన పడతారు. పాత్ర, నిలబడే చోటు, భయపెట్టే తీరు, ఈ మూడింటినీ తలుపులు తెరవకముందే మీ ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలి. దీనివల్ల పని చప్పబడిపోతుందని భయపడక్కర్లేదు. మనిషి ఉలిక్కిపడేది ఊహించని క్షణంలో ఊహించని చోటినుంచి ఏదైనా వచ్చినప్పుడు. ఎంత బలంగా దూకారన్నదానికి అందులో చాలా తక్కువ వాటా.

పాత్ర ఎంచుకోవడం

ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో నిర్వాహకులు ఎంపిక రోజునే దాదాపు తేల్చేసుకుంటారు. కాబట్టి అడగాల్సింది ఆ రోజే. అడిగేముందు మీ నొప్పి దేనితో పెరుగుతుందో ఖచ్చితంగా తెలిసుండాలి. నిలబడితేనా, వంగితేనా, ఒకేచోట కదలకుండా ఉంటేనా, చలికా, వెలుతురుకా? జవాబును బట్టి పాత్ర మారుతుంది.

గోడలో కిటికీలాంటి పలక ధన్‌మని పడి, వెనకనుంచి మీరు బయటికి వంగే పాత్ర చాలా చోట్ల ఉంటుంది. జనానికి అది పడటమే కనిపిస్తుంది. పడిన పలకను ప్రతిసారీ పైకెత్తి గొళ్లెం పెట్టేది మీరు. పలక 5 కిలోలుంటే 240 సార్లకు 1,200 కిలోలు ఎత్తినట్టు, అదీ భుజం ఎత్తుకు పైన. భుజం నొప్పి ఉన్నవాళ్లు రెండు విషయాలు చూడాలి: పలకకు తాడు, కప్పీతో ఎదురు బరువు కట్టారా, పట్టుకునే పిడి నడుము ఎత్తులో ఉందా. రెండూ ఉంటే చేయొచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పాత్ర వద్దు.

పాకే పాత్రలు, మోకాళ్ల మీద జారుకుంటూ వచ్చే పాత్రలు మోకాళ్లకు చేటని అందరికీ తెలుసు. మెడ సంగతి చాలామందికి తట్టదు. నేలమీదున్న మనిషి జనం మొహాల్లోకి చూడాలంటే తల బాగా వెనక్కి వంచాలి. మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్లకు ఒక గంటలోనే చేతుల్లోకి తిమ్మిరి దిగొచ్చు. చైన్ తీసేసిన రంపం పట్టుకునే పాత్రకు పేరెక్కువ. కానీ పెట్రోలు రంపం సాధారణంగా 4 నుంచి 6 కిలోలు, పైగా అదురుతుంది, చెవులు గింగురుమనేలా మోగుతుంది. మణికట్టు నరాల ఇబ్బంది, భుజం నొప్పి, తరచూ తలనొప్పి ఉన్నవాళ్లు దాన్ని వదిలేయడమే మంచిది.

కూర్చునే పాత్రలు అడగండి: ఊగే కుర్చీలో ముసలమ్మ, జోస్యం చెప్పే మనిషి, బొమ్మలాగా కూర్చుని చివరి క్షణంలో కదిలే శవం. మోకాళ్లకు, పాదాలకు ఇవి హాయి. అయితే కదలకుండా కూర్చుంటే నడుం పట్టేస్తుంది, చలి ఎక్కువగా తెలుస్తుంది. గుంపుకూ గుంపుకూ మధ్య పాదాలు పైకీ కిందికీ ఆడించడం, పిరుదులు ఒకటి మార్చి ఒకటి బిగించి వదలడం అలవాటు చేసుకుంటే సర్దుకుంటుంది. శవపేటికలోంచి లేచే పాత్ర పడుకునేదే కదా అని ఒప్పుకోకండి. వెల్లకిలా పడుకుని నేరుగా లేవడమంటే 240 సార్లు పొట్ట బిగించి నడుం మీద భారం వేయడమే. వీపు వెనక పలకను 30 నుంచి 45 డిగ్రీలు ఏటవాలుగా బిగిస్తే సగం లేచే ఉంటారు. ఇక తల, చేతులు కదిలిస్తే చాలు.

ఒకేచోట నిలబడితే నడుం పట్టేసి, నడిస్తే తేలికపడేవాళ్లకు క్యూలో జనం మధ్య తిరిగే పాత్ర బాగా కుదురుతుంది. కానీ మడమ నొప్పి ఉన్నవాళ్లకు అదే శిక్ష. చేతికర్ర వాడేవాళ్లు దాన్ని దాచే పని పెట్టుకోకండి, పాత్రకే ఇచ్చేయండి. చీకట్లో టకటకమని దగ్గరికొచ్చే కర్ర చప్పుడుకు జనం ముందే బిగుసుకుపోతారు. కర్ర అడుగున రబ్బరు టోపీ మాత్రం తీయకూడదు, నున్నటి నేలమీద జారిపోతారు. చప్పుడు కావాలంటే కర్ర పక్కభాగంతో గోడ చెక్కను తట్టండి.

పొగ యంత్రం, టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు ఏ గదుల్లో ఉన్నాయో కూడా అడిగి తెలుసుకోండి. గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన పొగ గొంతును, ఊపిరి గొట్టాలను ఆరబెడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు యంత్రం మూతికి దగ్గర ఉండకూడదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు స్ట్రోబ్ ఉన్న గది అసలే వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లకైతే ఇందులో బేరం లేదు.

నిర్వాహకులతో మాట్లాడేటప్పుడు

జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. చెప్పినా అవతలివాళ్లకు దాంతో ఏం చేయాలో తెలియదు. ఏం చేయగలరో, ఏం చేయలేరో, ఏం కావాలో చెప్పండి. మాట్లాడాక అదే విషయం మెసేజ్‌గా పంపండి, షిఫ్టు చూసేవాళ్లు మారినప్పుడు పనికొస్తుంది. ఇలా రాస్తే చాలు:

“నమస్కారమండి. నేను ఒకేచోట 40 నిమిషాలు నిలబడగలను, తర్వాత ఐదు నిమిషాలు కూర్చోవాలి. పాకే పాత్రలు, మోకాళ్లు పూర్తిగా మడిచి కూర్చునే పాత్రలు చేయలేను. నిలబడే పాత్ర ఇస్తే ఒక ఎత్తు స్టూలు, రబ్బరు మ్యాట్ కావాలి. రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలు నా బదులు ఎవరుంటారో చెప్పగలరా?”

ఆ చివరి ప్రశ్నే ముఖ్యం. విరామం ఇస్తామని అందరూ అంటారు. బదులు నిలబడే మనిషి పేరు లేకపోతే రద్దీ రాత్రి ఆ విరామం రాదు. గంటకు ఎన్ని గుంపులను వదులుతారు, బాత్రూమ్ ఎంత దూరం, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు బీమా వర్తిస్తుందా, ఇవీ అడగండి. వీలైతే ఒకే పాత్రను ఇద్దరు పంచుకుని అరగంటకోసారి మారేలా ఒప్పించండి. నొప్పులున్నవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

మీ మూలను మీరే అమర్చుకోండి

తలుపులు తెరవడానికి ముందు ఒకరోజు లైట్లన్నీ వేయించి మీ చోటికి వెళ్లండి. చీకట్లో మాత్రమే చూసిన చోటులో ఏ మూలకు తగులుతారో, ఎక్కడ కాలు మెలిక పడుతుందో తెలియదు. మీరు దాక్కునే చోటునుంచి బయటపడే చోటు వరకూ రెండుసార్లు నెమ్మదిగా నడవండి. తలకు తగిలే అడ్డకర్రలు, కాలికి తగిలే వైర్లు, పైకి తేలిన స్క్రూలు కనిపిస్తే అప్పుడే చెప్పి సరిచేయించండి.

కాంక్రీటు మీద నిలబడేవాళ్లకు మొదట కావాల్సింది అలసట తగ్గించే రబ్బరు మ్యాట్. 12 నుంచి 20 మిల్లీమీటర్ల మందం, సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. మరీ మెత్తగా ఉంటే పాదం లోపలికి దిగి చీలమండ ఊగుతుంది, నడుము ఆ ఊగును సర్దుకుంటూ ఉండాల్సి వస్తుంది. అంచులు ఏటవాలుగా ఉన్నది ఎంచుకోండి, లేకపోతే దూకేటప్పుడు కాలి వేలు తట్టుకుంటుంది. నలుపు రంగుది వేసి నాలుగు వైపులా గాఫర్ టేపుతో (గట్టి గుడ్డ టేపు) నేలకు అంటించండి. అది మీ మూలలోనే ఉండాలి. జనం నడిచే దారిలోకి, అత్యవసర ద్వారం వైపుకి అంగుళం కూడా రాకూడదు.

మ్యాట్ పక్కన 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి చెక్కముక్క ఒకటి పెట్టుకోండి. ఒక కాలు దానిమీద, ఒక కాలు కింద, ఐదు నిమిషాలకోసారి మార్చుకోవాలి. ఒక పాదం పైకి పెడితే నడుం వంపు కొంచెం సడలుతుంది, ఒకేచోట నిలబడటం వల్ల వచ్చే సలుపు తగ్గుతుంది. స్టూలు ఎత్తు విషయంలో చాలామంది పొరపడతారు. మామూలు కుర్చీ ఎత్తులో ఉన్నదానిమీదినుంచి లేస్తే ప్రతిసారీ మోకాళ్ల మీద భారం పడుతుంది. సగటు ఎత్తున్న మనిషికి 60 నుంచి 70 సెంటీమీటర్ల స్టూలైతే తుంటి మోకాళ్లకన్నా పైన ఉంటుంది, పిరుదులు ఆనించి సగం నిలబడే ఉంటారు, ఒక్క అడుగుతో బయటికి రావొచ్చు. స్టూలు కాళ్లు మీరు కదిలే దారిలోకి పొడుచుకు రాకుండా చూడండి.

పట్టుకోవడానికి నడుము ఎత్తులో ఒక పిడి బిగించమని అడగండి. స్క్రూలు గోడ పలకలోకి కాకుండా వెనకున్న కర్ర చట్రంలోకి దిగాలి. పలుచటి ప్లైవుడ్ మీది పిడి మీ బరువుకు నాలుగు రోజుల్లో ఊడొస్తుంది, సరిగ్గా మీకు అవసరమైన క్షణంలోనే. మోచేయి తగిలేచోట స్పాంజీ అంటించాలనుకుంటే మామూలు స్పాంజీ వాడకండి, దానికి క్షణాల్లో నిప్పంటుకుంటుంది. మంటను ఆపే మందు పట్టించిన సరుకే వాడాలి, అదీ నిర్వాహకుల అనుమతితో.

ఇక చప్పుడు. అరచేత్తో గోడను బాదడం ఈ పనిలో అతి మామూలు అలవాటు, మణికట్టును పాడుచేసే అలవాటు కూడా అదే. బిగించిన ప్లైవుడ్ కదలదు కాబట్టి కొట్టిన దెబ్బంతా తిరిగి మీ చేతిలోకే వస్తుంది. దానికి బదులు ఒక పలుచటి ఇనుప రేకును పైఅంచు దగ్గర మాత్రమే రెండు మేకులతో వదులుగా వేలాడదీయండి, ఎత్తు తుంటి దగ్గరికి రావాలి. పట్టు దగ్గర గుడ్డ చుట్టిన 30 సెంటీమీటర్ల కర్రతో తడితే సగం బలానికి రెట్టింపు మోత వస్తుంది. రేకు అంచులను టేపుతో మూసేయండి, చీకట్లో చేయి తెగుతుంది.

ఒంటిని కాపాడే దూకుడు

గొంతుక్కూర్చుని ఒక్కసారిగా పైకి లేవడం చూడటానికి బాగుంటుంది. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు మోకాలి చిప్ప వెనక ఒత్తిడి చాలా పెరుగుతుంది, అక్కడినుంచి విసురుగా లేస్తే ఇంకా పెరుగుతుంది. నిలబడి చేసే పద్ధతి నేర్చుకోండి.

ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మధ్య భుజాల వెడల్పంత దూరం. ముందు కాలి వేళ్లు జనం వచ్చే చోటువైపు చూడాలి. మోకాళ్లు కొంచెమే వంచి, బరువు వెనక కాలి మీద ఉంచి ఎదురుచూడండి. సమయం రాగానే బరువును ముందు కాలిమీదికి మార్చండి, అంతే. ఒళ్లు 30, 40 సెంటీమీటర్లు ముందుకొస్తే చాలు, చీకట్లో అది మీద పడినట్టే ఉంటుంది. నడుం దగ్గర వంగకుండా తుంటి దగ్గర వంగండి, వీపు ఒకే పలకలా కదలాలి. చేతులు ఛాతీ ఎత్తులో, మోచేతులు భుజాలకన్నా కింద. వెనక్కి వెళ్లేటప్పుడు ముందు పాదంతో నేలను నెట్టి అదే దారిలో వెళ్లండి. నడుం నొప్పి ఎక్కువగా రేగేది ఇక్కడే, దూకినప్పటికన్నా వెనక్కి తిరిగేటప్పుడు నడుం మెలిపెట్టడం వల్ల. అరగంటకోసారి ముందు కాలు మార్చండి.

ప్రతి గుంపుకూ పూర్తి దూకుడు అక్కర్లేదు. మూడు రకాలు సిద్ధంగా ఉంచుకోండి. మొదటి గుంపుకు పూర్తి దూకుడు, రెండోదానికి చోటు కదలకుండా రేకు చప్పుడు, మూడోదానికి కదలకుండా నిలబడి తల మాత్రమే నెమ్మదిగా తిప్పి చూడటం. ఇలా వంతులేసుకుంటే 240లో పెద్ద కదలికలు 80కి దిగుతాయి. మూడోది తక్కువరకం అనుకోవద్దు. ముందు గదుల్లో అరుపులు విని వచ్చినవాళ్లకు చప్పుడు లేకుండా తమనే చూస్తున్న మనిషి ఎదురైతే అరుపుకన్నా ఎక్కువ భయపడతారు.

గుంపులో ఎవరిని భయపెడుతున్నారన్నది కూడా మీ ఒంటికి సంబంధించిన విషయమే. ముందు నడిచేవాళ్ల ఎదుటికి దూకితే వాళ్లు వెనక్కి నెట్టుకుంటారు, దారి మూసుకుపోతుంది, వెనక గుంపు వచ్చి కలుస్తుంది, మీరు రెట్టింపు పని చేయాలి. గుంపు సగానికి పైగా దాటాక వెనకనుంచో పక్కనుంచో భయపెడితే వాళ్లంతట వాళ్లే ముందుకు పరుగెత్తుతారు, మీరు వెంటపడాల్సిన అవసరమే ఉండదు.

బెదిరినవాళ్లు ఆలోచించకుండా చేయి విసురుతారు, కాలు విసురుతారు. నొప్పి ఉన్న భుజానికో పక్కటెముకలకో ఆ దెబ్బ తగిలితే సీజన్ అక్కడితో సరి. చేయి చాచినా అందనంత దూరం, సుమారు మీటరు పైన ఉంచండి. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడండి, బాధగా ఉన్న వైపు వెనక ఉండాలి. మధ్యలో కటకటాలో, బల్లో, పీపానో అడ్డు ఉన్న చోటు అడిగి తీసుకోవడంలో తప్పేం లేదు.

కేక వేసేటప్పుడు గడ్డం ముందుకు చాచకండి. దవడ, మెడ ముందు కండరాలు పట్టేయడానికి అదే కారణం. పొట్టలోంచి గాలి తీసుకుని ఒక్క క్షణం పొట్టి అరుపు చాలు, సాగదీసిన అరుపు గొంతుకు తప్ప ఎవరికీ తెలియదు. పొగ ఉన్న గదిలో పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లు తాగాలి, స్ట్రా ఉన్న సీసా అయితే మేకప్ చెరగదు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. 85 డెసిబెల్స్ దాటిన మోతలో గంటలకొద్దీ ఉంటే వినికిడి దెబ్బతింటుంది. ఎడతెగని మోతకు ఒళ్లంతా బిగుసుకుంటుంది, అలా బిగుసుకున్న మెడా భుజాలూ ఇంకా నొప్పి పెడతాయి.

మాస్కు, వేషం, బూట్లు

నిండు లేటెక్స్ (సాగే రబ్బరు) మాస్కు బరువంతా మొహం ముందే ఉంటుంది. పైగా పక్కచూపు కనబడదు కాబట్టి కళ్లు తిప్పాల్సిన చోట మెడ తిప్పుతారు. మెడ నొప్పి, తలనొప్పి ఉన్నవాళ్లు సగం మాస్కు గానీ, మేకప్ గానీ అడగాలి. తప్పనిసరి అయితే వెనకవైపు లోపల మెత్తటి గుడ్డ మడిచి పెట్టి బిగువు సరిచేసుకోండి, ముందుకు జారకుండా ఉంటుంది.

వేషంలో బరువైనదేదైనా, రెక్కలు, గూని, బ్యాటరీ పెట్టె, భుజాలమీదినుంచి వేలాడకూడదు. ట్రెక్కింగ్ బ్యాగుకుండే నడుంపట్టీ కుట్టించి బరువు తుంటిమీద పడేలా చేయండి. చలికి పలుచటి పొరలు రెండు మూడు వేసుకుంటే మంచిది, చెమట పట్టినప్పుడు ఒకటి తీసేయొచ్చు. చెమటతో తడిసిన బట్ట చల్లబడితే నడుం పట్టేయడం ఖాయం.

బూట్లు పాతవై ఉండాలి, అరిగిపోయినవి కాకూడదు. కొత్త బూట్లతో మొదటి రాత్రికి రావద్దు. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకోండి, లోపలి మెత్త మళ్లీ పొంగడానికి సమయం దొరుకుతుంది. వేషానికి నప్పకపోతే పైన నల్లగుడ్డ తొడుగు వేయండి, పాత్రకోసం అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోవద్దు. మోకాలి తొడుగు, నడుం బెల్టు రద్దీ ఎక్కువున్న గంటా రెండు గంటలకు వాడి, విరామంలో వదులు చేయండి. కింద తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టు.

మందులు, కాపడం

షిఫ్టుకు ముందు ఎక్కువ మోతాదు వేసుకుని నొప్పి తెలియకుండా చేసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. నొప్పి తెలియనివాళ్లు ఆపాల్సిన చోట ఆపరు. పారాసిటమాల్ పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములకు మించకూడదు, కాలేయం ఇబ్బంది ఉన్నవాళ్లకు, తక్కువ బరువున్నవాళ్లకు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, లెక్కలో కలపండి. చీటీ లేకుండా కొనే ఐబుప్రొఫెన్‌కు రోజుకు 1,200 మిల్లీగ్రాములు హద్దు, ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకూడదు. మందమైన వేషంలో చెమటలు కారి నీళ్లు తాగని రాత్రుల్లో కిడ్నీల మీద దాని భారం ఇంకా పెరుగుతుంది. కండరాలు సడలించే మాత్రలు, గాబాపెంటిన్, ట్రమడాల్ లాంటివి మత్తు, తూలు తెస్తాయి. చీకటి, మెట్లు, పొగ ఉన్నచోట వాటితో పనిచేయడం ప్రమాదం. డాక్టరు రాసిన మందైతే వేళ మార్చడం గురించి ఆయన్నే అడగండి.

వేడి ప్యాచీలు గాలి తగిలితేనే వేడెక్కుతాయి, వేడి గంటలపాటు నిలుస్తుంది. చర్మంమీద నేరుగా పెట్టకుండా లోపలి బనీను మీద పెట్టండి, పైన బెల్టు బిగించకండి. నొప్పి క్రీము రాసిన చోట వేడి పెడితే చర్మం కాలొచ్చు, రెంటిలో ఒకటే వాడాలి. క్యాప్సైసిన్ (మిరపకాయల్లో మంట పుట్టించే పదార్థం) ఉన్న క్రీము షిఫ్టు రోజున వద్దు. చెమటకు మంట రేగుతుంది, ఆ చేత్తో మేకప్ వేసుకుంటే కళ్లలోకి పోతుంది. ఏ క్రీము రాసినా చేతులు సబ్బుతో కడిగాకే మాస్కు ముట్టండి, నూనె అంశం లేటెక్స్‌ను పాడుచేస్తుంది. నొప్పికి కరెంటు తరంగాలిచ్చే టెన్స్ యంత్రాన్ని విరామంలోనే వాడండి. చెమటకు దాని ప్యాడ్లు ఊడతాయి, వైర్లు సెట్‌కు తగులుకుంటాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు.

ఎంతవరకు, ఎప్పుడు ఆపాలి

షిఫ్టుకు ముందు ఎనిమిది పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోండి: నిలబడి కాళ్లు ఎత్తి దింపడం, మడమలు పైకెత్తడం, భుజాలు తిప్పడం, మెడ పక్కలకు నెమ్మదిగా తిప్పడం, దవడ వదులు చేయడం. తర్వాత మీ దూకుడునే ఐదుసార్లు మెల్లగా, ఐదుసార్లు మామూలు వేగంతో చేయండి. చల్లబడిన ఒంటితో మొదటి గుంపు మీదికి దూకినప్పుడే ఎక్కువగా కండరాలు పట్టేస్తాయి.

నొప్పిని 0 నుంచి 10 వరకు అంకెలో చెప్పుకోవడం అలవాటు చేసుకోండి. ఇంటినుంచి బయల్దేరినప్పటి అంకె మీ మామూలు. పనిలో రెండంకెలు పెరిగితే చిన్న కదలికల వంతులకు మారండి. మూడు పెరిగితే బదులు మనిషిని పిలవండి. దూకిన క్షణంలో పొడిచినట్టు పోటు వస్తే అంకెతో పనిలేదు, వెంటనే ఆపాలి. సలుపు కొంతవరకు ఓర్చుకోదగ్గది, పోటు కాదు. అసలు తీర్పు మర్నాడు పొద్దున వస్తుంది. 24 గంటల తర్వాత కూడా నొప్పి మామూలుకన్నా ఎక్కువుంటే తర్వాతి రాత్రి పెద్ద కదలికల్లో మూడో వంతు తగ్గించండి.

అలవాటు లేని పని చేసిన కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా తెలుస్తుంది. శుక్ర, శని, ఆదివారాలు వరుసగా పనిచేసేవాళ్లకు శుక్రవారం చేసినదాని ఫలితం ఆదివారం ఎదురవుతుంది. అందుకని ప్రారంభ రాత్రి ఉత్సాహంలో అంతా పెట్టేయకూడదు. మొదటి వారాంతం సగం జోరుతో చేయండి, ఆదివారానికి కూర్చునే పాత్ర అడగండి. జనం పోటెత్తేది హాలోవీన్ ముందు రోజుల్లో, మీ ఒంట్లో ఏమైనా మిగిలుండాల్సింది అప్పటికే.

పక్క గదివాళ్లతో రెండు వేర్వేరు సంకేతాలు పెట్టుకోండి. ఒకటి “కాసేపు నా బదులు రా” అనడానికి, ఇంకోటి “దెబ్బ తగిలింది, గుంపును ఆపండి” అనడానికి. ఒకే సంకేతం ఉంటే చిన్నదానికి వాడటానికి మొహమాటపడతారు, ఆ మొహమాటంతోనే చిన్నది పెద్దదవుతుంది. ఎర్ర టార్చి రెండుసార్లు వెలిగించడం మొదటిదానికి, ఛాతీ ముందు చేతులు అడ్డంగా పెట్టి గట్టిగా పేరు పిలవడం రెండోదానికి బాగా పనిచేస్తాయి. అరుపును మాత్రం సంకేతంగా పెట్టుకోకండి, ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కాలు బలం తగ్గడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం పట్టు తప్పడం, ఛాతీలో నొప్పి, తలకు దెబ్బ తగిలాక వాంతి, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా షిఫ్టు అయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

షిఫ్టయ్యాక, ఆఖరి రోజున

పని అవగానే బండెక్కి కూర్చుంటే దిగేసరికి నడుం కర్రైపోతుంది. ఐదు, పది నిమిషాలు నడిచి, తర్వాత కూర్చుని మేకప్ తీయండి. కొత్తగా వాచినచోట గుడ్డ చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు పెట్టొచ్చు, పట్టేసినచోట వేడినీళ్లు మేలు. నిద్రకు ఆరు గంటల ముందునుంచి కాఫీ, ఎనర్జీ డ్రింకులు మానేయండి, నిద్ర చాలకపోతే మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. పొద్దున లేచాక మంచానికి అంటుకుపోకుండా ఇంట్లోనే అటూఇటూ నడవండి.

సెట్ కట్టే రోజులు, విప్పే రోజులు చాలామంది లెక్కలో వేసుకోరు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు 30 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఒక్కరే ఎత్తి మెలితిరిగితే సీజనంతా కాపాడుకున్న నడుం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. సెట్ విప్పే రోజు ముందే చెప్పి మోతపని కాకుండా వేరే పని తీసుకోండి: స్క్రూలు విప్పడం, వైర్లు చుట్టి చీటీలు కట్టడం, వేషాలు ఉతికి ఆరబెట్టడం, మాస్కుల లోపలి భాగం తుడవడం. మీ మ్యాట్, స్టూలు, పిడి ఏ గదిలో ఏ ఎత్తులో పెట్టారో ఒక ఫోటో తీసి, కొలతలతో సహా నిర్వాహకులకు పంపండి. ఆ గది మళ్లీ కట్టేటప్పుడు ఆ పిడి వెనక కర్ర చట్రం ముందే వేసి ఉంచగలుగుతారు.